గీత పడని గడి

మూడో తరగతి టీచరమ్మకు తన మీద తనకున్న నమ్మకం కాస్త ఎక్కువే. ఇరవై రెండేళ్ళ సర్వీసు మరి. పిల్లవాడు అబద్ధం చెప్పబోతున్నాడంటే, వాడు నోరు తెరవకముందే మొహం చూసి కనిపెట్టేస్తానని స్టాఫ్‌రూములో పదిమందిలో చెప్పుకునే మనిషి. పిల్లలకు అసలు పేర్లు ఇంట్లోవాళ్ళు పెడితే పెట్టుకోనీ, బడి పేర్లు మాత్రం ఆవిడే పెడుతుంది. నిమిషం కుదురుగా కూర్చోనివాడు పిడుగు. ప్రతిదానికీ వాదన పెట్టుకునేవాడు వకీలు. మెల్లగా మాట్లాడటం చేతకాని పిల్ల మైకు. ఎప్పుడు చూసినా ఏదో ఒకటి నములుతూ ఉండేది ఉడత. క్లాసులోకెల్లా చిన్నగా కనిపించే పిల్ల చీమ. ఆ పేర్లు తగిలించుకుని పిల్లలు మురిసిపోతారు, వాళ్ళను చూసి ఆవిడ మురిసిపోతుంది. ఇరవై ఎనిమిది మందినీ సమానంగా చూస్తున్నానని ఆవిడ ధీమా.

అలాంటి మనిషి దగ్గరికి ఒక శనివారం, ఒంటిపూట బడి వదిలాక, బట్టలు కుట్టే ఆవిడొకరు వచ్చింది. షాపు నుంచి పరిగెత్తుకొచ్చినట్టుంది, మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది, చీర మీద దారప్పోగులు కూడా దులుపుకోలేదు.

"మా అక్క కూతురు మీ క్లాసేనండీ టీచరుగారూ. నా దగ్గరే ఉండి చదువుకుంటోంది. పది రోజులుగా బడికి రానని ఒకటే మారాం. ఎవరైనా కొట్టారా అంటే లేదంటుంది. ఏడిపించారా అంటే లేదంటుంది. మరేంటే నీ బాధ అంటే గోడకేసి చూస్తుంది" అంది.

"ఏ అమ్మాయండీ?" అన్న మాట టీచరమ్మ నాలిక చివరిదాకా వచ్చింది. అడిగితే పరువు పోతుందని మింగేసింది. ఆ వచ్చినావిడే, "రోల్ నంబర్ పంతొమ్మిది. కిటికీ వైపు మూడో బెంచీలో కూర్చుంటుందటండీ" అనడంతో గండం గడిచింది.

"ఆఁ, తెలియకపోవడమేంటండీ, బంగారంలాంటి పిల్ల" అంది టీచరమ్మ. అంటూనే, ఆ బంగారంలాంటి పిల్ల మొహం ఎలా ఉంటుందో లోపల గబగబా వెతుక్కుంది. రెండు జడలు గుర్తొచ్చాయి. అంతకుమించి ఏమీ గుర్తురాలేదు.

"మా షాపు పక్క వీధిలో ఇంకో బడి ఉందండీ. అక్కడ ఒకే ఒక్క సీటుంది. ఈ సోమవారం కాక పై సోమవారం పొద్దున్నకల్లా ఏదో ఒకటి చెప్పమన్నారు. నాకైతే మార్చడం సుతరామూ ఇష్టం లేదు, మీ దగ్గరైతే చదువొస్తుందని ఊరంతా అంటారు. కానీ రోజూ ఏడిపించి పంపలేను కదా. ఈ వారంలో కాస్త కారణం కనుక్కుని పుణ్యం కట్టుకోండి. నేనొచ్చి చెప్పానని మాత్రం దానికి తెలియనివ్వకండి. కదిపితే ముడుచుకుపోయే రకం" అంది పిన్ని.

"నా క్లాసులో పిల్ల నా క్లాసు వదిలి వెళ్ళడమే? శనివారం రండి, కారణం చేతిలో పెడతాను" అని టీచరమ్మ మాటిచ్చేసింది.

మాటయితే ఇచ్చింది గానీ ఆవిడకు ఒళ్ళు మండుతూనే ఉంది. ఎవడో ఆ పిల్లను ఏడిపిస్తున్నాడు. ఎవడో పట్టుకోవాలి. పిల్లనేమో కదపకూడదు. అందుకని ఒక ఉపాయం ఆలోచించింది. ఈ వారమంతా ఆ పిల్ల జోలికి అస్సలు పోకూడదు, పిల్ల చుట్టూ ఉన్నవాళ్ళ మీద మాత్రం కళ్ళలో వత్తులు వేసుకుని కాపలా కాయాలి. తన తెలివికి తనే మెచ్చుకుని ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

సోమవారం లెక్కల పీరియడులో కొత్త పాఠం. వివరాలు సేకరించడం, పట్టిక వేయడం, గడుల కాగితం మీద గ్రాఫ్ గీయడం. టీచరమ్మకు ఇష్టమైన పాఠం ఇది, ఎందుకంటే పిల్లలు అరిచినా పాఠంలో భాగమే అనిపించుకుంటుంది.

"బడికి ఎలా వస్తారో చెప్పండి, బోర్డు మీద రాస్తాను" అంది.

నడక, బస్సు, సైకిల్, కారు అని నాలుగు వచ్చాయి. అక్కడితో ఆగితే వకీలు వకీలెందుకవుతాడు. పడవ కూడా రాయమన్నాడు. ఇంకెవరో గుర్రం అన్నారు. రాసింది. చేతులెత్తించి గీతలు వేయించింది. నాలుగు నిలువు గీతలు, ఐదోది వాటి మీద అడ్డంగా, అలా కట్టలు కట్టుకుంటే ఐదేసి చొప్పున చదువుకోవచ్చని చూపించింది. నడక పదకొండు, బస్సు ఎనిమిది, సైకిల్ ఐదు, కారు నాలుగు తేలాయి. పడవకీ గుర్రానికీ ఒక్క గీతా లేదు.

"ఎవరూ రాని గుర్రానికి మనకి గడి ఎందుకర్రా, కాగితం దండగ. ఏమీ లేనివాటికి గడి అక్కర్లేదు" అని టీచరమ్మ ఆ రెండింటినీ తుడిచేసింది. వకీలు నొచ్చుకున్నాడు. మిగతావాళ్ళంతా బుద్ధిగా పుస్తకాల్లో రాసుకున్నారు.

తర్వాత అసలు పని చెప్పింది. ఎవరికి నచ్చింది వాళ్ళు లెక్కపెట్టాలి. మంగళవారం నుంచి శుక్రవారం దాకా నాలుగు రోజులు. చూసిన వెంటనే గీత పడాలి, గుర్తుంచుకుని తర్వాత వేస్తానంటే కుదరదు. ఏది లెక్కలోకి వస్తుందో ఏది రాదో ముందే అనుకోవాలి, మధ్యలో మార్చకూడదు. శనివారం పొద్దున గ్రాఫ్ తెచ్చి చూపించాలి.

ఇక ఆ నాలుగు రోజులూ టీచరమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది. పిడుగు గేటు ముందు నుంచి పోయే కుక్కల్ని లెక్కపెడతానని పాఠమంతా కిటికీకి వేలాడాడు. ఉడత ఎవరి చొక్కాకి ఎన్ని గుండీలు ఊడాయో చూస్తానని కనపడినవాళ్ళనల్లా పట్టుకుని తడిమింది, దాంతో ఉన్న గుండీలు కూడా రెండు ఊడాయి. వకీలు మరీ ఘనుడు. మీకు అమ్మ ఎక్కువ ఇష్టమా నాన్న ఎక్కువ ఇష్టమా అని క్లాసంతా తిరిగి అడిగాడు. ఇద్దరు ఏడ్చారు. వాళ్ళలో ఒకడి నాన్న సాయంత్రం గేటు దగ్గర వకీలు ఎవరో చూపించమని నిలబడ్డాడు. ఆ లెక్క టీచరమ్మ రద్దు చేసి, మెట్లెన్నున్నాయో లెక్కపెట్టుకోమని పంపింది.

ఇంత గోలలోనూ కాపలా మానలేదు ఆవిడ. పంతొమ్మిదో నంబరు వెనక బెంచీలో పిడుగు కూర్చుంటాడు. అనుమానం వాడి మీదికే పోయింది. బుధవారం వరండాలోకి పిలిచి నిలదీసింది.

"నిజం చెప్పరా. నీ ముందు కూర్చునే అమ్మాయిని ఏమన్నావు?"

"ఆ అమ్మాయితో అసలు మాట్లాడితే కదా టీచర్, ఏమైనా అనడానికి" అన్నాడు వాడు, నిజంగానే తెల్లబోయి.

అయినా నమ్మకం కుదరక వాడి చోటు మార్చింది. గురువారం పక్క బెంచీవాళ్ళ మీద నిఘా పెట్టింది. శుక్రవారం ఇంటర్వెల్లో చెట్టు చాటున నిలబడి మరీ చూసింది. ఎవరూ ఆ పిల్లను ఏడిపించడం లేదు. తోసింది లేదు, వెక్కిరించింది లేదు. పిల్ల తన మానాన తను కూర్చుని, పుస్తకం వెనక పేజీలో ఏదో రాసుకుంటూ ఉంది. ఎంత బుద్ధిగా రాసుకుంటోందో అని టీచరమ్మ ముచ్చటపడింది కూడా. చివరికి, ఏముంది, ఆ కొత్త బడిలో ఉయ్యాల ఏదో చూసి ఉంటుంది, అందుకే ఈ మారాం అని తీర్మానించుకుంది.

శనివారం పొద్దున ఒక్కొక్కరే గ్రాఫులు పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చారు. కుక్కలు ముప్ఫై నాలుగు, అందులో ఒకటి మేకేమోనని పిడుగే ఒప్పుకున్నాడు. మెట్లు ఇరవై ఆరు. వర్షం పడితే కారే చుక్కలు లెక్కపెడదామనుకున్న మైకుకు నాలుగు రోజులూ ఎండే కాసింది, పాపం. టీచరమ్మ నవ్వుతూ, తిడుతూ, సంతకాలు పెడుతూ పోయింది.

"పంతొమ్మిది" అని పిలిచింది.

రెండు జడల పిల్ల వచ్చి కాగితం బల్ల మీద పరిచింది. పైన గుండ్రటి అక్షరాలతో శీర్షిక ఉంది: మా టీచర్ ఎవరిని ఎన్నిసార్లు పిలిచారు.

"ఓసి నీ దుంపతెగ, నా మీదేనా లెక్క" అని టీచరమ్మ పకపకా నవ్వింది. కళ్ళజోడు సర్దుకుని చూసింది. ఇరవై రెండేళ్ళలో మూడో తరగతి పిల్ల చేతిలో అలాంటి గ్రాఫ్ ఆవిడ చూడలేదు. అడుగున వరసగా పేర్లు. ఒక్కో పేరు మీద గడులు లెక్కగా నిలబడ్డాయి, ఒక్క గీత కూడా వంకర పోలేదు. కొన్ని గడులకు ఎరుపు, కొన్నిటికి నీలం. పిడుగు గడులైతే కాగితం చాలక పైన ముక్క అంటించి మరీ నలభై ఒకటి దాకా పోయాయి.

"హాజరు పిలిచేటప్పుడు నంబర్లు చెప్తారు కదా టీచర్, అవి తీసుకోలేదు. అవి అందరికీ రోజుకి ఒకటే, తేడా తెలియదు" అంది పిల్ల. గొంతు సన్నగా ఉంది. టీచరమ్మకు ఆ గొంతు కొత్తగా వినిపించింది.

"భేష్. మరి ఈ రంగులేంటి?"

"ఎరుపు తిట్టినవి. నీలం మామూలువి."

"తిట్లు కూడా లెక్కలోకి వస్తాయా?"

"తిట్టడం కూడా పిలవడమే కదా టీచర్."

టీచరమ్మకు ఉత్సాహం ఆగలేదు. వకీలు ఇరవై మూడు, మైకు పంతొమ్మిది, ఉడత పదహారు, అందరికన్నా తక్కువ చీమకు రెండు. ఒక్కో పేరు మీద వేలు పెట్టుకుంటూ చివరిదాకా లెక్కపెట్టింది. ఇరవై ఏడే వచ్చాయి. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. మళ్ళీ ఇరవై ఏడే.

"అంతా బాగుంది గానీ, ఎవర్నో ఒకర్ని మర్చిపోయావమ్మా" అంది.

"మర్చిపోలేదు టీచర్. ఏమీ లేనివాటికి గడి అక్కర్లేదని మీరే చెప్పారు కదా."

పిల్ల గొంతులో నిష్ఠూరం లేదు. చెప్పిన పని చెప్పినట్టు చేసి, సరిపోయిందో లేదోనని టీచరు మొహంలోకి చూస్తోంది, అంతే. టీచరమ్మ మళ్ళీ పేర్లన్నీ చదివింది, ఈసారి తెలిసే చదివింది. లేనిది ఎదురుగా నిలబడ్డ పిల్ల పేరే.

నాలుగు రోజులు ఆ పిల్లను కాపాడుతున్నానని అనుకుంటూ, ఆ పిల్లను తప్ప అందరినీ పిలిచింది. అంతకుముందు నాలుగు నెలల మాట ఇంకెవరు లెక్కపెట్టారు గనక. ఏడిపిస్తున్నవాడి కోసం వారమంతా వెతికిన మనిషి ఇప్పుడు పిల్ల వైపు వంగింది.

"ఎప్పటి నుంచమ్మా నీకిలా అనిపిస్తోంది?" అని అడిగింది, మిగతావాళ్ళకు వినపడకుండా.

పిల్ల కాసేపు బల్ల అంచు గోకింది. "నాకు జ్వరమొచ్చి మూడు రోజులు రాలేదు టీచర్. వచ్చాక ఎందుకు రాలేదని మీరు అడగలేదు. పిడుగు ఒక్కరోజు రాకపోతే వాళ్ళింటికి ఫోన్ చేశారు. నేను వచ్చినా రాకపోయినా ఒకటేనేమో అనిపించింది. నిజమో కాదో తెలియదు కదా, అందుకని లెక్కపెట్టాను."

టీచరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అద్దాలకేమీ కాలేదు, తడి ఉన్నది కళ్ళలో. లేచి బోర్డు దగ్గరికి వెళ్ళింది.

"ఒరేయ్ పిల్లలూ, సోమవారం నేను తప్పు చెప్పాను. మొన్న రాసుకున్నది కొట్టేయండి" అంది.

పిల్లలంతా తలలెత్తి చూశారు. టీచరు తప్పు చెప్పడం వాళ్ళకు కొత్త కాదు, ఒప్పుకోవడమే కొత్త.

"ఎవరెవరి గురించి లెక్క కడుతున్నామో వాళ్ళందరికీ పట్టికలో చోటుండాలి. ఒక్క గీత పడకపోయినా పేరు రాయాలి, ఎదురుగా సున్నా వేయాలి. అది లేకపోతే చూసేవాళ్ళకి ఆ మనిషి ఉన్నట్టే తెలియదు."

"అయితే గుర్రం?" అన్నాడు వకీలు.

"గుర్రం కూడా రాసుకోరా నాయనా."

క్లాసు గొల్లుమంది. ఆ సందట్లో టీచరమ్మ తిరిగొచ్చి కాగితం పిల్ల ముందుకు జరిపింది. పిల్ల చివర్న ఖాళీ గడి గీసి, కింద తన పేరు రాసి, లోపల సున్నా చుట్టింది. టీచరమ్మకు చూడబుద్ధి కాలేదు, కానీ చూసింది. చూసి, ఆ పిల్లను పేరు పెట్టి పిలిచింది. "ఇదిగో తల్లీ, పిలిచానుగా. ఒక నీలం గడి వేసేసుకో" అంది బతిమాలుతున్నట్టు.

"ఇది రాదు టీచర్. లెక్క నిన్నటితో అయిపోయింది" అంది పిల్ల.

మధ్యాహ్నం పిన్ని వచ్చింది. టీచరమ్మ డొంకతిరుగుడు లేకుండా గ్రాఫ్ ఆవిడ చేతిలో పెట్టింది. "కారణం చేతిలో పెడతానన్నాను కదండీ, ఇదే. ఎవరూ ఏడిపించలేదు, నేనే చూసుకోలేదు. తప్పు నాదే."

పిన్ని చాలాసేపు కాగితం చూసింది. పేర్ల మీదుగా వేలు చివరిదాకా పోయి, సున్నా దగ్గర ఆగింది. "మా పిల్లకి నోరు లేదు, నిజమే. అయినా టీచరు మీరు కదండీ" అంది. గట్టిగా తిట్టి ఉంటే టీచరమ్మకు ఇంతకన్నా తేలికగా ఉండేది.

"ఇంకొక్క వారం ఇవ్వండి. మళ్ళీ లెక్కపెట్టమనండి, తేడా మీరే చూద్దురుగాని."

పిన్ని వెనకాల నిలబడ్డ పిల్ల తల అడ్డంగా ఊపింది. "అలా కుదరదు పిన్నీ. నేను లెక్కపెడుతున్నానని టీచర్‌కి తెలిసిపోయింది కదా. కావాలని పిలుస్తారు. అది లెక్క కాదు."

ఎనిమిదేళ్ళ పిల్ల చెప్పినదాంట్లో తప్పు పట్టడానికేమీ లేదు. టీచరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని, పిల్ల కళ్ళలోకి సూటిగా చూసింది.

"అయితే ఎప్పుడు లెక్కపెడతావో నాకు చెప్పకు. వచ్చే వారమో, వచ్చే నెలో, పరీక్షలయ్యాకో, నీ ఇష్టం. నేను అడగను. నీ పుస్తకం వెనక పేజీ చూడను" అంది.

"ఇంట్లో మాట్లాడుకుంటామండీ. సోమవారం పొద్దున ఇక్కడికో అక్కడికో తేలిపోతుంది" అని పిన్ని పిల్ల చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

ఆదివారం టీచరమ్మ ఏం తిన్నదో ఆవిడకే తెలియదు. సోమవారం బడికి అందరికన్నా ముందు వచ్చి కూర్చుంది. గంట కొట్టారు. కిటికీ వైపు మూడో బెంచీలో చీమ ఒక్కతే కూర్చుని ఉంది. టీచరమ్మ హాజరు పుస్తకం తెరిచి, నంబర్లు చదవకుండా పేర్లు పిలవడం మొదలుపెట్టింది. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకుంటూ పలికారు. పంతొమ్మిదో పేరు పిలిచింది. ఎవరూ పలకలేదు. ఇంకోసారి పిలిచింది. హాజరు గడిలో ఏ గుర్తూ పెట్టలేక, పెన్ను అలాగే పట్టుకుని కూర్చుంది. ఇరవయ్యో పేరు చదవాలని కూడా తోచలేదు.

"లోపలికి రావచ్చా టీచర్?"

గుమ్మంలో రెండు జడల పిల్ల నిలబడి ఉంది. పరిగెత్తుకొచ్చిందేమో, ఒక జడ ఊడిపోయి ఉంది. వెనక వరండాలో పిన్ని ఆయాసపడుతోంది.

టీచరమ్మ ఆదివారమంతా మంచి మాటలు కూర్చుకుని పెట్టుకుంది. పిల్ల వస్తే ఇలా పలకరించాలి, అలా దగ్గరికి తీసుకోవాలి అని. అవేవీ నోటికి రాలేదు. పేరు పెట్టి గట్టిగా ఒక్క కేక వేసింది.

"ఎక్కడికి పోయావే ఇంతసేపు? గంట కొట్టి ఎంతసేపైంది? రానంటే రానని చెప్పాలి, వస్తే వేళకి రావాలి. ఇక్కడ ఒక మనిషి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుందని నీకేమైనా తెలుస్తోందా? ఆ జడ ఏంటి, ఆ అవతారం ఏంటి?"

క్లాసంతా బిక్కచచ్చిపోయింది. పిడుగు కూడా, ఈ తిట్టు తనది కదా అన్నట్టు లేచి నిలబడ్డాడు. పిల్ల మాత్రం బెదరలేదు. "ముందు ఆ బడికెళ్ళి, రామని చెప్పొచ్చాం టీచర్. అందుకే ఆలస్యమైంది" అంది.

టీచరమ్మ వెళ్ళి కూర్చోమని చేత్తో చూపించింది. పిల్ల తన చోటికి వెళ్ళి కూర్చుని, సంచిలోంచి పుస్తకం తీసి వెనక్కి తిప్పింది. రంగు పెన్సిళ్ళ డబ్బా తెరిచింది. అందులోంచి ఎర్ర పెన్సిల్ తీసిందో, నీలం తీసిందో, అసలు ఏమీ తీయలేదో టీచరమ్మకు తెలియదు. ఆవిడ అప్పటికే వీపు తిప్పుకుని, బోర్డు మీద తేదీ రాస్తోంది.